టెక్సస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్: ఫోను చట్టం కోసం వెళ్లి ఒక ప్రతినిధి రాజకీయ జీవితమంతా చదివాను

టెక్సస్ శాసనసభకు వచ్చిన బిల్లు ఎవరు పెట్టారు, ఏ కమిటీకి పోయింది, ఏ మాట ఎక్కడ మారింది, చివరికి చట్టమైందా లేక మధ్యలో ఆగిపోయిందా అన్నది చూపించే ప్రభుత్వ వెబ్‌సైటు టెక్సస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్. డబ్బు కట్టక్కర్లేదు. చదవడానికైతే ఖాతా కూడా అక్కర్లేదు. దీనికి తోడుగా లెజిస్లేటివ్ రెఫరెన్స్ లైబ్రరీ వాళ్ల వెబ్‌సైటు ఇంకొకటి ఉంది. రెండూ కలిపి వాడితేనే అసలు లాభం, అందుకే రెండింటికీ కలిపే ఈ రివ్యూ.

నేను ఆస్టిన్‌కి ఉత్తరాన రౌండ్ రాక్, సీడార్ పార్క్ వైపు కొత్తగా వచ్చినవాళ్లకి కారు నేర్పుతాను. నా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు ఆడపిల్లలే. పెళ్లై భర్త ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చినవాళ్లు, మాస్టర్స్ చదువుతున్నవాళ్లు, మనవడిని స్కూల్లో దింపాలని అరవై ఏళ్ల వయసులో స్టీరింగ్ పట్టిన అత్తయ్యలు కూడా ఉన్నారు. వాళ్లు అడిగే ప్రశ్నల్లో రోజూ వినిపించేది ఒకటుంది. "అక్కా, రెడ్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వాట్సాప్ చూసుకోవచ్చా?" ఒకరి భర్త చూసుకోవచ్చన్నాడట. ఇంకొకరి స్నేహితురాలు రెండు వందల డాలర్లు ఫైన్ పడుతుందందట. యూట్యూబులో ఒకాయన జైలే అన్నాడట. మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చట్టం చెప్పేవాళ్లకు కొదవ లేదు. చట్టం తెరిచి చూసినవాళ్లు మాత్రం నాకు తగల్లేదు. నేర్పే మనిషిగా నేను విన్నమాట చెప్పకూడదు. అందుకని ఈ సైటుకి వెళ్లాను.

సైటు తెరవగానే ఒక పెట్టెలో సెషన్ ఎంచుకోవాలి, పక్క పెట్టెలో బిల్లు నంబరు కొట్టాలి. 85వ శాసనసభ, అంటే 2017. నంబరు హెచ్‌బీ 62. హెచ్‌బీ అంటే దిగువ సభలో పుట్టిన బిల్లు, ఎస్‌బీ అంటే సెనేట్‌లో పుట్టింది. పేజీ వచ్చాక పైన వరసగా చరిత్ర, పాఠం, సవరణలు, రచయితలు, స్పాన్సర్లు అని ఒక్కోటీ ఉంటాయి. నాకు బాగా నచ్చింది పాఠం విభాగం. బిల్లు మొదట పెట్టినప్పుడు ఎలా ఉంది, కమిటీ నుంచి బయటికొచ్చినప్పుడు ఎలా ఉంది, సభ దాటినప్పుడు ఎలా ఉంది, చివరికి గవర్నర్ బల్ల మీదికి ఎలా వెళ్లింది, ఇవన్నీ విడివిడిగా దొరుకుతాయి. కొత్తవాళ్లు పొరపడేది ఇక్కడే. మొదటి పాఠం చదివేసి అదే చట్టం అనుకుంటారు. చట్టం కావాలంటే ఎన్‌రోల్డ్ అని రాసి ఉన్న చివరి పాఠమే తెరవాలి.

అది చదివితే సంగతి తేలిపోయింది. బండి నడుపుతూ మెసేజ్ చదవడం, రాయడం, పంపడం నేరం. బండి పూర్తిగా ఆగి ఉంటే ఈ సెక్షన్ వర్తించదు. దారి చూపించే మ్యాప్‌కీ, పాటలకీ, అత్యవసర పరిస్థితికీ మినహాయింపులున్నాయి. మొదటిసారి పట్టుబడితే 25 నుంచి 99 డాలర్ల ఫైన్, మళ్లీ పట్టుబడితే 100 నుంచి 200. మెసేజ్ చూస్తూ ఎవరి ప్రాణమైనా తీస్తే, లేదా తీవ్రంగా గాయపరిస్తే అది వేరే స్థాయి నేరం, 4,000 డాలర్ల వరకు ఫైన్, ఏడాది వరకు జైలు. యూట్యూబ్ ఆయన చెప్పిన జైలు ఇదన్నమాట. 2017 సెప్టెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్‌లో 545.4251 సెక్షన్. ఇదే బిల్లులో ఇంకో చిన్న వాక్యం ఉంది. డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలో ఫోను వల్ల దృష్టి మళ్లితే ఏమవుతుందో తెలుసా అని కూడా అడగాలని రాశారు. నా పనికి ఆ వాక్యం విలువైనది. లైసెన్సు పరీక్ష కోసం వచ్చిన అమ్మాయికి ఇప్పుడు అసలు పాఠమే చూపించి చెబుతున్నాను. ఒక్క జాగ్రత్త మాత్రం అందరికీ చెబుతాను: ఇది రాష్ట్ర చట్టం. ఆస్టిన్ నగరంలో 2015 నుంచే సొంత నిబంధన ఉంది, అక్కడ నడిపేటప్పుడు ఫోను చేతిలో పట్టుకుని మాట్లాడడం కూడా కుదరదు. రౌండ్ రాక్‌లో ఎక్కి 35వ నంబరు హైవే మీద డౌన్‌టౌన్‌కి దిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడితో నా పని అయిపోవాలి. కానీ అదే పేజీలో రచయిత అన్న చోట ఒక పేరు కనిపించింది, క్రాడిక్. టామ్ క్రాడిక్, రిపబ్లికన్, మిడ్‌ల్యాండ్. పశ్చిమ టెక్సస్‌లో పెర్మియన్ బేసిన్ నడిబొడ్డున ఉన్న ఆయిల్ ఊరు అది. ప్రభుత్వం మన జోలికి ఎంత తక్కువ వస్తే అంత మంచిదనుకునే ప్రాంతం. అక్కడి కన్జర్వేటివ్ ప్రతినిధి, మన లెక్కలో ఎమ్మెల్యే, మనుషుల చేతుల్లోని ఫోను మీద ఆంక్ష పెట్టే బిల్లు తెచ్చాడా అనిపించింది. సైటులో రచయిత పేరుతో వెతికే సౌకర్యం ఉంది. వెతికాను.

2017 మొదటిసారి కాదని తెలిసింది. 2015లో హెచ్‌బీ 80, 2013లో హెచ్‌బీ 63. రెండూ దిగువ సభ దాటాయి, రెండూ సెనేట్‌లో ఆగిపోయాయి. ఇంకా వెనక్కి, 2011. ఆ ఏడు ఫోను నిషేధాన్ని, పోలీసు ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్ల తుపాకుల గురించిన హెచ్‌బీ 242లో సవరణగా చేర్చి రెండు సభల్లోనూ నెగ్గించుకున్నారు. తర్వాత గవర్నర్ రిక్ పెర్రీ వీటో చేశారు. వీటో ప్రకటనలు లైబ్రరీ సైటులో దొరుకుతాయి. నడుపుతూ మెసేజ్ పంపడం బాధ్యత లేని పని అని ఒప్పుకుంటూనే, పెద్దవాళ్ల ప్రవర్తనను ప్రభుత్వం అడుగడుగునా దిద్దబోవడమే ఈ బిల్లు అని పెర్రీ అభ్యంతరం. ఇద్దరిదీ ఒకే పార్టీ, ఇద్దరూ పశ్చిమ టెక్సస్ నేల మీద పెరిగినవాళ్లే. ఒకే భావజాలం నుంచి రెండు జవాబులు.

సెనేట్‌లో ఈ బిల్లును మోసింది జూడిత్ జఫిరీని. లరేడో ఊరి డెమొక్రాట్. స్పాన్సర్ అన్న గడిలో ఆమె పేరు కనిపిస్తుంది. టీవీలో ఒకరి మీద ఒకరు అరుచుకునే రెండు పార్టీలు, ఇక్కడ ఒక కాగితం మీద పైనా కిందా సంతకాలు పెట్టుకుని ఏళ్ల తరబడి కలిసి నడిచాయి. 2017లో గవర్నర్ గ్రెగ్ అబాట్ సంతకం పెట్టేనాటికి అమెరికాలో 46 రాష్ట్రాలు అందరు డ్రైవర్లకీ మెసేజ్‌ల మీద నిషేధం పెట్టేశాయి. టెక్సస్ 47వది. అంత వెనకబడినా వచ్చింది, ఒక మనిషి వదిలిపెట్టకపోవడం వల్ల. రోజూ రోడ్డు మీద కొత్త డ్రైవర్ పక్కన కూర్చునే నాకు ఆ పట్టుదల విలువ తెలుసు. పక్క లేన్‌లో తల వంచుకుని పోయే పికప్ ట్రక్కుని చూసినప్పుడల్లా నా కాలు నా వైపు బ్రేకు మీదికి పోతుంది.

ఈ సైటు గొప్పతనం ఒక బిల్లు చూపించి వదిలేయకపోవడం. మనిషి పేరు పట్టుకుంటే దారి తెరుచుకుంటుంది. అయితే ఇందులో సమాచారం 71వ శాసనసభ, అంటే 1989 నుంచే ఉంది. క్రాడిక్ అంతకు ఇరవై ఏళ్ల ముందే సభలోకి వచ్చాడు. అక్కడే లైబ్రరీ సైటు అవసరమైంది. అందులో టెక్సస్ శాసనసభ్యులందరికీ పేజీలున్నాయి, ఎప్పటివాళ్లకైనా. ఏ జిల్లా, ఏ పార్టీ, ఏ సెషన్లో ఏ కమిటీలో కూర్చున్నారు, అన్నీ వరసగా. పాత బిల్లుల కాగితాలు స్కాన్ చేసి పెట్టారు. క్రాడిక్ పేజీ కిందికి జరుపుతూ పోతే అయిపోదు.

విస్కాన్సిన్‌లో 1943లో పుట్టి, చిన్నతనంలోనే మిడ్‌ల్యాండ్ చేరిన కుటుంబం. టెక్సస్ టెక్ యూనివర్సిటీలో చదువు. 1968 నవంబరులో గెలిచి 1969 జనవరిలో సభలో అడుగుపెట్టేనాటికి వయసు 25. అప్పటి టెక్సస్ ఇప్పటి టెక్సస్ కాదు. 150 మంది సభ్యుల్లో రిపబ్లికన్లు ఎనిమిదిమందే. డెమొక్రాట్ల రాజ్యం.

నేను ఎక్కువసేపు ఆగిన చోటు 1971. షార్ప్స్‌టౌన్ కుంభకోణం. హ్యూస్టన్ బ్యాంకరు ఒకాయన తనకు అనుకూలమైన బిల్లులు దాటించుకోవడానికి నాయకులకు షేర్ల మీద సులువుగా లాభాలొచ్చేట్టు చేశాడన్న ఆరోపణ. స్పీకర్ గస్ మట్షర్ అందులో ఇరుక్కున్నాడు. విచారణ కావాలని సభలో ముప్పైమంది నిలబడ్డారు. వాళ్లను డర్టీ థర్టీ అని పిలిచారు. ఆ గుంపులో ఉదారవాది సిస్సీ ఫారెంథోల్డ్ ఉంది, కుర్ర కన్జర్వేటివ్ క్రాడిక్ ఉన్నాడు. వాళ్లిద్దరికీ వేరే ఏ విషయంలోనూ పొసగదు. స్పీకర్ గదిలో తలుపులేసుకుని అంతా తేల్చేయకూడదన్న ఒక్క మాట మీద కలిశారు. 1972లో మట్షర్ దోషిగా తేలాడు. తర్వాత 1975లో క్రాడిక్ సహజ వనరుల కమిటీ అధ్యక్షుడయ్యాడు. వందేళ్లకు పైగా కాలంలో టెక్సస్ దిగువ సభ కమిటీకి అధ్యక్షుడైన మొదటి రిపబ్లికన్ ఆయనే. అప్పట్లో ఇక్కడ ఎదుటి పార్టీ వాళ్లకూ కమిటీలు ఇచ్చేవాళ్లు. ఆ మర్యాద వల్ల పైకొచ్చినవాడు క్రాడిక్. తర్వాత జరిగినదాన్ని చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

2002 ఎన్నికల్లో రిపబ్లికన్లకు 88 స్థానాలొచ్చాయి. అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ కాలం నుంచి వాళ్లకు దక్కని మెజారిటీ. 2003 జనవరిలో క్రాడిక్ స్పీకరయ్యాడు. ముప్పై నాలుగేళ్లు ఎదురుచూసిన కుర్చీ. ఆ 78వ శాసనసభను ఈ సైటులో తెరిచి చూడాలి. సుమారు వెయ్యి కోట్ల డాలర్ల లోటు బడ్జెట్, పన్నులు పెంచకుండా సరిదిద్దారు. పెంచకుండా అంటే కోతలు. పేద పిల్లల ఆరోగ్య బీమా పథకం మీద దెబ్బ పడింది. డాక్టర్ల మీద వేసే దావాల్లో బాధకు ఇచ్చే పరిహారానికి, డాక్టర్లు ఎంతమందైనా కలిపి ఒక బాధితుడికి 2,50,000 డాలర్ల పరిమితి పెట్టిన హెచ్‌బీ 4 ఆ సెషన్‌దే. హెచ్‌బీ 3015 కూడా. మన తెలుగు ఇళ్లకు నేరుగా తగిలింది ఇదే. ప్రభుత్వ యూనివర్సిటీల ఫీజులో శాసనసభ చేతిలో ఉన్న పెద్ద భాగం ఆ చట్టంతో యూనివర్సిటీల చేతికి పోయింది. యూటీ ఆస్టిన్‌లోనో, యూటీ డాలస్‌లోనో పిల్లల ఫీజు కట్టిన ప్రతి తల్లిదండ్రులూ ఆ సెషన్ ఫలితాన్ని కట్టినట్టే. మా బంధువుల్లో ఎవరినడిగినా ఫీజు ఎందుకు పెరిగిందంటే ధరలు పెరిగాయంటారు. ఈ నంబరు ఒక్కరికీ తెలీదు.

అదే ఏడు కాంగ్రెస్, అంటే వాషింగ్టన్‌లోని అమెరికా పార్లమెంటు, నియోజకవర్గాల గీతలు మళ్లీ గీశారు. పదేళ్లకోసారి జనాభా లెక్కల తర్వాత చేయాల్సిన పని అది. మధ్యలో, పార్టీకి సీట్లు పెంచుకోవడానికే చేశారు. కాంగ్రెస్‌లో టెక్సస్ రిపబ్లికన్ నాయకుడు టామ్ డిలే తోశాడు, ఆస్టిన్‌లో క్రాడిక్ నడిపించాడు. 2003 మేలో యాభైమందికి పైగా డెమొక్రాట్ సభ్యులు కోరం లేకుండా చేయడానికి రాష్ట్రం దాటి ఓక్లహోమాలోని ఆర్డ్‌మోర్‌కి పోయారు. వాళ్లను వెతకడానికి పోలీసులను పంపారు. చివరికి మూడో ప్రత్యేక సెషన్లో హెచ్‌బీ 3గా అది నెగ్గింది. సైటులో 78వ శాసనసభ కింద ప్రత్యేక సెషన్లు వేరుగా కనిపిస్తాయి, 78(1), 78(2), 78(3) అని. మూడోది తెరిస్తేనే ఆ బిల్లు దొరుకుతుంది. 2004లో కాంగ్రెస్‌కి టెక్సస్ పంపిన 32 మందిలో 21 మంది రిపబ్లికన్లు. 2006లో సుప్రీం కోర్టు చాలా భాగం నిలబెట్టి, 23వ నియోజకవర్గం దగ్గర మాత్రం తప్పు పట్టింది. 2025 ఆగస్టులో మళ్లీ అదే పని జరిగింది, డెమొక్రాట్లు మళ్లీ రాష్ట్రం దాటారు. అప్పుడూ క్రాడిక్ సభలోనే ఉన్నాడు.

2003లో చేసినది తప్పనే నా అభిప్రాయం. ఓటరు ప్రతినిధిని ఎంచుకోవాలి గానీ, ప్రతినిధి ఓటర్లను ఎంచుకోకూడదు. మూసిన తలుపులకు ఎదురు నిలబడిన కుర్రవాడే ముప్పై ఏళ్ల తర్వాత తలుపు మూసినవాడయ్యాడని రికార్డు చూస్తే కనిపిస్తుంది. 2007 మేలో సొంత పార్టీ వాళ్లే ఆయన్ను కుర్చీ నుంచి దించే తీర్మానం పెట్టబోతే, ఎవరిని మాట్లాడనివ్వాలన్నది స్పీకర్ పూర్తి ఇష్టమని చెప్పి తీర్మానాన్నే రానివ్వలేదు. సభకు నియమాలు చెప్పే పార్లమెంటేరియన్ రాజీనామా చేసింది. ఆ రోజుల హౌస్ జర్నల్, అంటే దిగువ సభలో రోజూ జరిగినదాని రికార్డు, చదవండి, కథలు చదివే ఓపిక ఉన్నవాళ్లు అది చదవగలరు. 2009 జనవరికి పదకొండుమంది రిపబ్లికన్లు జో స్ట్రాస్ వైపు తిరిగారు, క్రాడిక్ తప్పుకున్నాడు.

ఫోను బిల్లు కోసం చేసిన పోరాటమంతా దీని తర్వాతే. పెద్ద కుర్చీ పోయాక చాలామంది ఇంటికి పోతారు, లేదా లాబీయిస్టులవుతారు. ఆయన సాధారణ సభ్యుడిగా వెనక్కొచ్చి కూర్చున్నాడు. టెక్సస్ శాసనసభ్యుడి జీతం ఏడాదికి 7,200 డాలర్లే. ఆయనకు ఆయిల్ వ్యాపారం ఉంది కాబట్టి జీతం లెక్కలోకి రాదు, అది నిజమే. అయినా 2011, 2013, 2015 మూడుసార్లూ చట్టం కాకుండా పోయిన బిల్లును నాలుగోసారి మొదటి నుంచి పెట్టడం, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల్ని కమిటీ గదికి రప్పించి మాట్లాడించడం నాకు గౌరవం కలిగించాయి. 2024 నవంబరులో మళ్లీ గెలిచాడు. ఇప్పుడు దేశంలోని రాష్ట్ర శాసనసభ్యులందరిలో ఎక్కువ కాలంగా సభలో ఉన్నది ఆయనే. 2003లో ఆ గీతలు గీయించినదీ, ఫోను బిల్లును వదలనిదీ ఒకే మనిషి. కన్జర్వేటివ్ అన్న మాట విని మనిషిని లెక్కగట్టినా, ఒక మంచి చట్టం చూసి మనిషిని లెక్కగట్టినా సగమే తెలుస్తుంది. మొత్తం చూడనిచ్చే సేవ ఇది, అందుకే దీన్ని ఇంతగా మెచ్చుకుంటున్నాను.

ఇక లోపాలు. పెద్దది, ఎవరు ఎటు ఓటేశారో నేరుగా కనిపించదు. బిల్లు చరిత్రలో రికార్డ్ వోట్ అని ఒక నంబరు ఉంటుంది. దాన్ని పట్టుకుని ఆ రోజు జర్నల్ తెరిచి, పొడవాటి పీడీఎఫ్‌లో ఆ నంబరు వెతికి, పేర్ల వరసలో మన ప్రతినిధి ఏ వైపున్నాడో చూసుకోవాలి. ఓపిక చాలా కావాలి. పేరు కొడితే ఓట్లన్నీ ఒకచోట కనిపించేలా చేయడం ఈ కాలంలో కష్టమైన పని కాదు. ఇంకో సంగతి, పాత బిల్లుల్లో కొన్నిటికి పేర్లతో ఓటే ఉండదు. చివరి ఆమోదానికి రికార్డ్ ఓటు తప్పనిసరి చేస్తూ, దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాలంటూ రాజ్యాంగ సవరణను టెక్సస్ ఓటర్లు ఆమోదించింది 2007 నవంబరులోనే. అంతకుముందు వాయిస్ ఓటుతో దాటిపోయినవి అలాగే పోయాయి.

రెండోది, బిల్లు ఎందుకు చచ్చిపోయిందో సైటు చెప్పదు. చరిత్రలో చివరి వరసలో కమిటీకి పంపారనో, కమిటీలో పెండింగ్ అనో ఉంటుంది, తర్వాత ఖాళీ. ఆపిన చేయి ఎవరిదో తెలియాలంటే ఆ నాటి పత్రికలు చదవాలి, లేదా కమిటీ వీడియోలు చూడాలి. వీడియోలు సభల సైట్లలో దొరుకుతాయి గానీ గంటల తరబడి ఉంటాయి.

డబ్బు సంగతి కూడా ఇక్కడ లేదు. ప్రతినిధి ఆస్తులు, విరాళాలు చూడాలంటే టెక్సస్ ఎథిక్స్ కమిషన్ సైటుకి పోవాలి. క్రాడిక్ విషయంలో ఇది అవసరం. ఆయన కూతురు క్రిస్టీ క్రాడిక్ 2012లో రైల్‌రోడ్ కమిషన్‌కి ఎన్నికైంది. పేరు అలా ఉన్నా టెక్సస్‌లో ఆయిల్, గ్యాస్ నియంత్రణ ఆ కమిషన్‌దే. ఆయిల్‌లో ఆస్తులున్న కుటుంబం ఆయిల్ నియంత్రణలో ఉండడం మీద విమర్శకులు ప్రశ్నలు లేవదీశారు. బిల్లుల సైటులో ఎంత వెతికినా ఈ ముడి కనిపించదు.

ఫోనులో వాడడానికి అంత సుఖంగా ఉండదు, ల్యాప్‌టాప్ మేలు. భాష న్యాయ భాష. కొట్టేసిన మాటలు అడ్డగీతతో, కొత్తగా చేర్చినవి అడుగు గీతతో ఉంటాయి, అది అలవాటైతే చదవడం సులువవుతుంది. కమిటీ నుంచి బయటికొచ్చిన బిల్లులకు బిల్ అనాలిసిస్ అని మామూలు ఇంగ్లీషులో రెండు మూడు పేజీల వివరణ ఉంటుంది. మొదట అది చదివి తర్వాత పాఠంలోకి వెళ్లమని మా వాళ్లకు చెబుతాను. ఇంగ్లీషు పెద్దగా రాని మా అత్తయ్యలకు మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు చదివి చెప్పాల్సిందే.

సైటుతో సరిపెట్టకుండా ఆస్టిన్‌లో ఉన్నవాళ్లు కాపిటల్‌కి, అంటే శాసనసభ భవనానికి, వెళ్లండి. 1888లో కట్టిన ఎర్ర గ్రానైట్ భవనం, వాషింగ్టన్‌లోని కాపిటల్ కన్నా కాస్త ఎత్తు. గైడ్‌తో టూర్ ఉచితం. కారు 12వ వీధి, శాన్ జసింటో దగ్గర విజిటర్స్ గ్యారేజీలో పెడితే మొదటి రెండు గంటలు డబ్బు తీసుకోరు. రెండో అంతస్తులో ఉత్తరం వైపు లెజిస్లేటివ్ రెఫరెన్స్ లైబ్రరీ ఉంది, మామూలు జనం కూడా లోపలికి పోవచ్చు. ఎత్తైన పైకప్పు, ఇనుప మెట్లు, పాత చెక్క బల్లలు. అక్కడి లైబ్రేరియన్‌ని పాత బిల్లు గురించి అడిగితే ఎవరు, ఎందుకు అని అడగలేదు, ఎలా వెతకాలో కూర్చోబెట్టి చూపించింది. సెషన్ నడిచేటప్పుడు మూడో అంతస్తు గ్యాలరీలో కూర్చుంటే ఓటింగ్ బోర్డు మీద పచ్చ, ఎరుపు దీపాలు వెలగడం కనిపిస్తుంది. ఇంటి దగ్గర జర్నల్‌లో చదివిన నంబర్లకు అక్కడ ముఖాలుంటాయి. కమిటీ విచారణలు ఎక్కువగా 1993లో తెరిచిన భూగర్భ భాగంలో జరుగుతాయి. మాట్లాడదలిస్తే అక్కడే ఎలక్ట్రానిక్‌గా పేరు నమోదు చేసుకోవచ్చు.

మనవాళ్లలో చాలామంది ఓటు లేదు కదా, మనకెందుకు అంటారు. హెచ్1 మీద ఉన్నవాళ్లకూ, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూసేవాళ్లకూ ఇది గట్టిగా చెప్పాలి. హౌస్ కమిటీలకు ఇంటి నుంచే అభిప్రాయం రాసి పంపే ఆన్‌లైన్ ఫారం ఉంది, అది టెక్సస్ వాసులకోసం. ఈ రోడ్ల మీద నడుపుతున్నది మనం, ఇక్కడ ఫీజులు, పన్నులు కడుతున్నది మనం. విచారణ రోజు రాసిన నాలుగు వాక్యాలు సభ్యుల ముందుకి వెళ్తాయి.

ఖాతా తెరుచుకుంటే కావాల్సిన బిల్లుల జాబితా పెట్టుకోవచ్చు, వాటిలో కదలిక వచ్చినప్పుడల్లా మెయిల్ వస్తుంది. ఇది నిజంగా బాగా పనిచేస్తుంది. సెషన్ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరంలో, 140 రోజులే. 2017లో 6 వేలకు పైగా బిల్లులొస్తే చట్టాలైనవి 1,200 పైచిలుకు. అంత వేగంలో మెయిల్ లేకుండా ఒక బిల్లును వెంబడించడం ఎవరివల్లా కాదు. మే నెలలో గడువులు దగ్గరపడినప్పుడు ఒకే రోజు రెండు మూడు మెయిళ్లు కూడా వస్తాయి, విసుక్కోకండి.

అయిదుకు నాలుగు ఇస్తున్నాను. ఓట్లు వెతుక్కునే బాధ తీరిస్తే అయిదూ ఇస్తాను. తర్వాతి రెగ్యులర్ సెషన్ 2027 జనవరిలో మొదలవుతుంది, బిల్లులు నవంబరు నుంచే పెట్టడం మొదలుపెడతారు. రాష్ట్రమంతటా ఫోను చేత్తో పట్టుకోవడాన్నే నిషేధించే బిల్లు ఎవరైనా పెడితే దాన్ని నా జాబితాలో మొదట చేరుస్తాను, విచారణ రోజున నాతో కాపిటల్‌కి రాదలచినవాళ్లను కారులో నేనే తీసుకెళ్తాను.